పచ్చ టిక్కు

ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మూడుసార్లు మూత తీసి చూసే రకం. మామిడిపల్లిలో మా అమ్మ ఇప్పటికీ ఆ మాట అని నవ్వుతుంది. అలాంటి నన్ను తీసుకెళ్లి, ఒక్క కాగితం తెరవడానికి రెండు నిమిషాలకు పైగా తీసుకునే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

మా ఆఫీసంటే శంషాబాద్‌లో మెయిన్ రోడ్డు దిగి వచ్చే ఒక సందులో, టైర్ల షాపు పక్కన ఒకే ఒక గది. విమానంలో సరుకు పంపేవాళ్లకు కాగితాలు తయారుచేసి, ఎయిర్‌పోర్టు కార్గోలో అప్పజెప్పడం మా పని. కాటేదాన్ నుంచి మెషిన్ల విడిభాగాలు, రాజేంద్రనగర్ వైపు నుంచి విత్తనాల సంచులు, ఏది ఎగరాలన్నా దాని కాగితాలు దానికంటే ముందు కౌంటర్ దాటాలి. ఓనర్ ఎప్పుడూ కస్టమర్ల వెంట తిరుగుతుంటాడు కాబట్టి గదిలో మిగిలేది ఇద్దరం. ఒకరు నేను. రెండో ఆయన మా పెద్దాయన. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి, రవాణా కాగితాల మధ్యనే తల నెరిసిన మనిషి. కంప్యూటర్లు మాత్రం మూడు. నాదొకటి, ఓనర్‌దొకటి, పెద్దాయనదొకటి. మూడూ ముసలివే.

ఈ రోజుల్లో కాగితాలన్నీ పీడీఎఫ్‌లుగానే వస్తాయి. వాటిని చదివే సాఫ్ట్‌వేర్‌ను మేం రీడర్ అంటాం. దాని గుర్తు మీద రెండుసార్లు నొక్కితే తెర మధ్యలో ఒక చిన్న కార్డు వచ్చి కూర్చునేది. ఆ కార్డు అడుగున, లోపల తయారవుతున్న ఒక్కో భాగం పేరు ఒక్కోటిగా మెరిసి పోయేది. చదివి వినిపించేది ఒకటి, వీడియో ఆడించేది ఒకటి, మెయిల్ పంపేది ఒకటి, బొమ్మల్ని అన్ని వైపులా తిప్పేది ఒకటి. రోజుకు ఇరవైసార్లు చూసీ చూసీ ఆ పేర్లు నాకు కంఠతా వచ్చేశాయి. ఒక ఇన్వాయిస్ చదువుకోవడానికి ఈ బలగమంతా ఎందుకు అని ఒళ్లు మండిపోయేది.

పెద్దాయన కంప్యూటర్ నాదానికి తాత. ఆయన రీడర్ తెరిస్తే దాంతోపాటు ఒక పంచాంగం కూడా తెరుచుకునేలా పెట్టుకున్నారు. అచ్చు పుస్తకాన్ని ఎవరో పేజీ పేజీ స్కాన్ చేసి పంపిన బండెడు బరువు ఫైలు అది. నా దాంట్లో రెండు నిమిషాలైతే ఆయన దాంట్లో నాలుగు. ఆ నాలుగు నిమిషాలూ ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు. ఆయనను చూస్తే నాకు ఇంకా మండేది.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. సాయంత్రం ప్రింటర్ పక్కన ఉన్న దేవుడి పటానికి దీపం పెడతారు. దీపానికి ముందు గది ఊడుస్తారు. గదితోపాటు మూడు కంప్యూటర్లలో ఉన్న చెత్తబుట్టలు కూడా ఖాళీ చేస్తారు. "దీపం వేళకు ఇంట్లో చెత్త ఉండకూడదమ్మాయ్, ఎక్కడున్నా చెత్త చెత్తే" అనేవారు. నేను నవ్వుకునేదాన్ని.

ఒక శనివారం పని తక్కువగా ఉంది. రీడర్‌ను త్వరగా తెరుచుకునేలా చేయడం ఎలా అని నెట్‌లో వెతికాను. ఎవరో ఒకాయన ఓపిగ్గా రాసిపెట్టాడు. రీడర్ ఉన్న చోట ఒక ఫోల్డర్ ఉంటుందట. కార్డు మీద మెరిసే ఆ భాగాలన్నీ అందులోనే ఉంటాయట. మనకు అక్కర్లేనివి అందులోంచి తీసేస్తే, తెరిచినప్పుడు రీడర్ వాటి కోసం ఆగదట. వెళ్లి చూస్తే నిజంగానే ఉన్నాయి, వరసగా, నాకు కంఠతా వచ్చిన పేర్లతో.

ఒక్కోటీ పట్టుకుని తీసేశాను. ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెప్తే నమ్మరు. చదివి వినిపించేది పోయింది. వీడియో పోయింది. డిజిటల్ సంతకాల పని చూసేది ఒకటి ఉంది. దాని దగ్గర కొంచెం ఆగాను. మేం సంతకాలు పెన్నుతో చేస్తాం, పక్కన గుండ్రటి స్టాంపు గుద్దుతాం. కంప్యూటర్‌లో సంతకాలు చేసే మొహాలా మావి అనుకుని దాన్నీ తీసేశాను. "వీటిని పారేయకండి, వేరే చోట దాచిపెట్టండి" అని ఆ రాసినాయన రాశాడు. చదివాను కూడా. చెత్తబుట్ట కూడా ఒక చోటే కదా, కావాలంటే తీసుకోవచ్చులే అనుకున్నాను.

మళ్లీ రీడర్ మీద నొక్కాను. నాలుగు సెకన్లు. కార్డు ఇలా వచ్చి అలా పోయింది. గట్టిగా అరిచాను కూడా. వెంటనే ఓనర్ కంప్యూటర్‌కు కూడా అదే వైద్యం చేశాను. పెద్దాయన దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టారు.

"నా దాని జోలికి రాకమ్మాయ్. నాకేం తొందర లేదు" అన్నారు.

"మీ ఇష్టం సార్, మీరు పంచాంగం చూస్తూ కూర్చోండి" అన్నాను. ఆ మాటలో వెటకారం ఉందని ఆయనకూ తెలుసు. సాయంత్రం యథాప్రకారం గది ఊడ్చారు, చెత్తబుట్టలు ఖాళీ చేశారు, దీపం పెట్టారు. నేను హ్యాండ్‌బ్యాగ్ వేసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపాయనకు కూడా చేసిపెట్టాను. ఆయన చాయ్ తెప్పించాడు. మంగళవారానికి సందులో నా పేరు మారుమోగింది. కంప్యూటర్ మేడం అన్నారు. నేను కాదనలేదు.

బుధవారం పొద్దున పదిన్నరకు ఒక అక్క వచ్చింది. శంషాబాద్ అవతల ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. పొలంలో షెడ్డు వేసి, గుడ్లు పొదిగించే మెషిన్లు పెట్టి, కోడిపిల్లల్ని చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తుండేది. ఇప్పుడు మొదటిసారి సముద్రం దాటి ఒక లోడు పంపుతోంది. అరవై డబ్బాలు, ఒక్కో డబ్బాలో వంద పిల్లలు, అన్నీ ముందురోజు గుడ్డు పగలగొట్టుకుని వచ్చినవే. అవతల తీసుకునేవాళ్లు ఒకటే మాట చెప్పారట. ఈ లోడు క్షేమంగా చేరితే నెలనెలా తీసుకుంటాం, చేరకపోతే ఇదే ఆఖరు అని. ఆ రోజు మధ్యాహ్నం విమానం. కార్గో కౌంటర్ ఒంటిగంటకు మూసేస్తారు.

పిల్లలున్న బండి వాళ్ల మరిది నడుపుతున్నాడు. అది మా ఆఫీసు ముందు ఆగలేదు. ఆమెను దింపి, అలాగే మెల్లగా ముందుకు వెళ్లిపోయింది. నాకు అర్థం కాలేదు.

"బండి ఆగద్దు చెల్లె" అందామె. "నడుస్తనే ఉండాలె. నడిస్తే జాలీలకెల్లి గాలి కొడ్తది. ఎండల ఆగిందంటే లోపట పిల్లలు ఉడికిపోతయి."

పుట్టిన పిల్ల మేత లేకుండా రెండు మూడు రోజులు ఉంటుందట. కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది కాబట్టి ఆకలికి ఆగుతుంది. ఉక్కకు మాత్రం ఆగదు. అందుకే ఈ పని చేసేవాళ్లెవరూ బండి ఆపరట. సందులోంచి మెయిన్ రోడ్డెక్కి, పెట్రోల్ బంకు దాకా పోయి, తిరిగి సందులోకి. కాగితాలు అయ్యేదాకా అదే తిరుగుడు. ఒక చుట్టు పది నిమిషాలు పడుతుంది.

ఆ పిల్లలకు జబ్బులేమీ లేవని పశువుల డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ కౌంటర్‌లో ముఖ్యం. ఇదివరకు అది పెన్ను సంతకంతో కాగితం మీద వచ్చేది. ఈమధ్య కంప్యూటర్ సంతకంతో మెయిల్‌లో వస్తోంది. దాన్ని తెరిస్తే సంతకం మీద పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. దాని మీద మౌస్ కుడివైపు నొక్కి, సంతకం సరిచూడమని చెప్తే, ఆ ప్రశ్నార్థకం పోయి పచ్చ టిక్కు వస్తుంది. అప్పుడు ప్రింటు తీయాలి. కౌంటర్‌లో మొదట చూసేది ఆ టిక్కునే. అప్పటికి ఐదారుసార్లు చేశానా పని. చేతికి అలవాటైపోయింది గానీ, ఆ టిక్కును తెచ్చేది రీడర్‌లో ఏ భాగమో నేనెన్నడూ ఆలోచించలేదు.

ఫైలు మీద నొక్కాను. నాలుగు సెకన్లలో తెరుచుకుంది. "చూశావా అక్కా, మా దగ్గర ఎంత ఫాస్టో" అన్నాను. ఆమె నవ్వింది. పసుపు ప్రశ్నార్థకం ఉంది. కుడివైపు నొక్కాను. సంతకం సరిచూడమని చెప్పే వరస అక్కడ లేదు. మళ్లీ నొక్కాను. లేదు.

శనివారం తీసేసిన పేర్లలో ఒక పేరు కళ్ల ముందు మెరిసింది. అప్పుడే నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. నేను విప్పలేదు. డాక్టరు పేరుంది, తేదీ ఉంది, చదవడానికి అంతా స్పష్టంగానే ఉంది, కౌంటరాయన చూసీచూడనట్టు పోతాడులే అనుకుని ప్రింటు కొట్టాను. తప్పు తెలిసి పంపాను. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ పొడిచేది ఈ ఒక్క వాక్యమే.

నా స్కూటీ వెనక ఆమెను ఎక్కించుకుని కార్గోకు వెళ్లాను. బండి వెనకే వచ్చి, డబ్బాలు దించడానికి గేటు ముందర నిలబడింది. కౌంటరాయన కాగితాలు ఒక్కోటీ తిప్పుతూ వచ్చి, సర్టిఫికెట్ దగ్గర ఆగి, ప్రశ్నార్థకం మీద వేలు పెట్టాడు.

"ఇదేంది మేడం? టిక్కేది?"

"సార్, పేరుంది కదా, తేదీ కూడా ఉంది" అన్నాను.

"పేరు నేను గూడ రాస్త. టిక్కు లేకుంటే నడ్వది. వాపస్ తీస్కపోండ్రి. ఒంటిగంటకు కౌంటర్ బంద్."

బయటికి వచ్చేసరికి గేటు ముందు బండి ఆగి ఉంది. అంతవరకు దూరం నుంచే విన్న కోడిపిల్లల చప్పుడు అప్పుడు దగ్గర్నుంచి విన్నాను. ఆరు వేల గొంతులు. ఒక్కో గొంతు దారమంత సన్నం. అన్నీ కలిస్తే చెవులు గింగుర్లెత్తుతున్నాయి. ఆమె బండిని తట్టి, "పో, పో, ఆగకు" అని మరిదిని తోలింది.

"ఏమైంది చెల్లె?"

"నెట్ స్లో ఉంది అక్కా. సర్టిఫికెట్ సరిగ్గా దిగలేదు. ఇప్పుడే తెస్తా" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు.

ఆఫీసుకు వచ్చేసరికి పదకొండు నలభై. చెత్తబుట్ట తెరిచాను. తళతళలాడుతోంది. పెద్దాయన శనివారం సాయంత్రం నుంచి ఊడ్చిన ఊడ్పు. ఓనర్ కంప్యూటర్‌దీ అదే సంగతి. రీడర్‌ను కొత్తగా దింపుకుందామని నెట్‌లో నొక్కాను. అది మెల్లగా దిగి దిగి, చివరికి, ఇంత పాత కంప్యూటర్ మీద ఈ కొత్త రీడర్ ఎక్కదని ఒక ముక్క చెప్పి ఊరుకుంది. ఇరవై నిమిషాలు అక్కడే పోయాయి. ఫోన్‌లో తెరిచి చూశాను. అందులో సంతకం ఒట్టి బొమ్మలా కనిపించింది, అంతే.

ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. బండి సందులోకి వచ్చినప్పుడల్లా తల ఒక పక్కకు వంచి వినేది. నాకు అన్ని చుట్లూ ఒకే మోతలా వినిపించాయి. ఆమెకు అలా కాదు.

"మొత్తుకుంటున్నయి" అంది మొదటి చుట్టుకు. "మొత్తుకుంటే మంచిదే చెల్లె. సప్పుడు తగ్గితేనే పరేషాన్."

నిజానికి ఆ గదిలోనే, నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో, ఏ భాగమూ పోని రీడర్ ఒకటి ఉంది. నేను దాని వంక చూడనైనా లేదు. చూస్తే పెద్దాయనకు అంతా చెప్పాలి. శనివారం నేను వెటకారం చేసిన మనిషి ముందే నిలబడి, మీ కంప్యూటర్ ఇవ్వండి సార్, నా దాన్ని నేనే పాడుచేసుకున్నాను అనాలి. ఆ మాట నోటి దాకా రాక, నేను రోడ్డు దాటి జిరాక్స్ షాపుకు పరుగెత్తాను. ఆమె నా వెనకే వచ్చింది.

షాపాయన నన్ను చూసి సంబరపడ్డాడు. మెయిల్‌లోంచి ఫైలు తెరిచాడు. నాలుగు సెకన్లు. పసుపు ప్రశ్నార్థకం. కుడివైపు నొక్కితే ఆ వరస లేదు. దీనికి వైద్యం చేసింది నేనే కదా. ఆ కంగారులో అదే మరిచిపోయాను.

"సూడక్కా, ఎట్ల ఉరుకుతుందో!" అన్నాడాయన ఆమెతో, అభిమానంగా. "మీ మేడం చేసిందే గిది. లోపట ఫాల్తు సామానంత తీసి పారేసింది."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను తల తిప్పుకున్నాను. అప్పుడే బండి మళ్లీ వచ్చింది. రోడ్డు మధ్యలో నిలబడి ఆమె చెవి పెట్టి వింది. ఈసారి మొహంలో రంగు మారింది.

"సప్పుడు తగ్గింది" అంది. "వెనక దిక్కు డబ్బాలల్ల తగ్గింది."

నాకూ వినిపించింది. లేక ఆమె చెప్పాక వినిపించినట్టు అనిపించిందేమో. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. పన్నెండు ఇరవై అయింది. సిగ్గూ ఎగ్గూ అక్కడే వదిలేసి పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన క్యారియర్ విప్పుకుని పెరుగన్నం తింటున్నారు. కంప్యూటర్ ఆపేసి ఉంది. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఆ వేళలో ఆయన ఏ కొత్త కాగితమూ తెరవరు. కంప్యూటర్ ఆపి భోంచేస్తారు. నేను చేరినప్పటి నుంచీ ఇది తప్పడం చూడలేదు.

"సార్, సర్టిఫికెట్‌కు టిక్కు రావట్లేదు. సంతకం చూసే భాగాన్ని నేనే తీసేశాను. నా దాంట్లో, ఓనర్ దాంట్లో, జిరాక్స్ షాపులో, మూడు చోట్లా పోయింది. మీ దాంట్లో ఒక్కదాంట్లోనే ఉంది" అన్నాను.

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఒకసారి గోడ గడియారం చూశారు. "రాహుకాలం కదమ్మాయ్" అని చాలా చిన్నగా అన్నారు. నన్ను ఏడిపించడానికి కాదు, నిజంగానే భయంతో అన్నారు.

అప్పుడే రోడ్డు దాటి వచ్చి, గుమ్మంలోంచి ఆమె అంది. "సారూ, జర సూడుండ్రి. సప్పుడు తగ్గుతున్నది."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి మీట నొక్కారు.

ఆ కంప్యూటర్ లేవడానికి పట్టిన కాలం నేను చెప్పలేను. లేచాక రీడర్ గుర్తు మీద నొక్కారు. కార్డు వచ్చి కూర్చుంది. దాని అడుగున పేర్లు మొదలయ్యాయి. చదివి వినిపించేది. వీడియో ఆడించేది. మెయిల్ పంపేది. నేను ఛీ కొట్టి పారేసిన పేర్లే, ఒక్కోటీ నింపాదిగా వచ్చి, కాసేపు నిలబడి, పోతోంది. మేం ముగ్గురం ఆ కార్డును కళ్లప్పగించి చూస్తున్నాం. బయట బండి వచ్చి పోయింది. ఆమె ఈసారి వినడానికి వెళ్లలేదు. నా భుజం మీద ఆమె చెయ్యి ఉందని కాసేపటికి తెలిసింది. ఆసరా కోసం పట్టుకుంది, పాపం. డిజిటల్ సంతకం పేరు వచ్చింది, నిలబడింది, పోయింది. నేను ఊపిరి వదిలాను.

రీడర్ తెరుచుకుంటూనే పంచాంగాన్ని కూడా తెరవడం మొదలుపెట్టింది. పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. బుధవారం, రాహుకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర అని పెద్ద అక్షరాలు. పెద్దాయన దాన్ని చదవకుండానే మూసేశారు.

సర్టిఫికెట్ తెరిచారు. పసుపు ప్రశ్నార్థకం. మౌస్ నా చేతికిచ్చారు. కుడివైపు నొక్కాను. ఆ వరస ఉంది. నొక్కితే తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి, పచ్చ టిక్కు వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. పన్నెండు నలభై ఒకటికి ప్రింటు చేతికి వచ్చింది.

బయటికి వస్తే బండి లేదు. పెట్రోల్ బంకు వైపు చుట్టులో ఉంది. ఆమె నా స్కూటీ మీద ఎక్కుతూనే మరిదికి ఫోన్ చేసి, "ఇటు రాకు, సీదా కార్గోకు పో" అని అరిచింది. నేను ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. కౌంటర్ దగ్గరికి చేరేసరికి పన్నెండు యాభై మూడు. ఆయన ఇందాకటి చోటే వేలు పెట్టాడు. ఈసారి వేలు తీసి స్టాంపు గుద్దాడు.

డబ్బాలు దించుతుంటే ఆమె ఒక్కో డబ్బా మీదకు వంగి చెవి పెట్టి వింటూ, ఊ అంటూ, ముందుకు పంపింది. వెనక వైపు, ఎండ కొట్టిన పక్కన ఉన్న నాలుగు డబ్బాల దగ్గర ఊ అనలేదు. మూతలు తీసింది. రెక్కలు విప్పుకుని, నోళ్లు తెరుచుకుని కొన్ని ఒగరుస్తున్నాయి. కొన్ని ఒగర్చడం కూడా లేదు. దారిలో పోయినవాటి బదులు పెట్టడానికి ఒక డబ్బా అదనంగా తెచ్చుకోవడం వాళ్ల పద్ధతి. ఆమె వేళ్లు చకచకా ఆడాయి. మంచివి ఇందులోకి, వాడినవి ఆ అదనపు డబ్బాలోకి. అరవై డబ్బాలూ నిండుగానే లోపలికి వెళ్లాయి. ఒక డబ్బా మిగిలింది.

ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆమె నా వెనక కూర్చుని ఆఫీసుకు వచ్చింది. గుమ్మం మెట్టు మీద నీడలో కూర్చుని, మా గ్లాసులో నీళ్లు అడిగింది. ఒక్కో పిల్లనూ అరచేతిలో పట్టుకుని, ముక్కును నీళ్లలో ముంచి, పైకెత్తి చూసేది. గుటక వేస్తే ఒక పక్కన పెట్టేది. వేయకపోతే ఇంకో పక్కన. నేనూ పక్కన కూర్చుని ఒకదాన్ని తీసుకున్నాను. అది నా చేతిలో ఎంత తేలికగా ఉందంటే, ఉందో లేదో తెలియలేదు. ముక్కు ముంచాను. గుటక వేయలేదు. ఇంకోసారి ముంచాను.

"అది పోయింది చెల్లె" అంది. "ఇంకోటి తీస్కో."

"అక్కా" అన్నాను. "నెట్ కాదు. నేనే."

"ఎర్కనే. గా జిరాక్సాయన అన్నప్పుడే అనుకున్న." చేతిలో పిల్ల మీంచి చూపు తిప్పలేదు. "ఎందుకు తీసినవ్ మరి?"

"జల్ది తెరుచుకోవాలని."

"ఎంత జల్ది?"

"రెండు నిమిషాలు."

ఆమె చేతిలో పిల్ల ముక్కును ఇంకోసారి నీళ్లలో ముంచింది. ఆ పిల్ల గుటక వేసింది. దాన్ని మంచి పక్కన పెట్టింది.

"మాకు ఇరవై ఒక్క రోజులు పడ్తది చెల్లె" అంది. "నడుమల మనసాగక మెషిన్ తలుపు ఊకె తీసి సూసినా కరాబైతయి." ఆ గొంతులో కోపం లేదు. ఎవరికో పని నేర్పుతున్నట్టు చెప్పింది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

పెద్దాయన లోపలి నుంచి ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లారు. ఆ సాయంత్రం ఆయన గది ఊడ్చారు గానీ, నా కంప్యూటర్ దగ్గరికి వచ్చి, "చెత్తబుట్టలో ఏమైనా కావలసినవి ఉన్నాయా అమ్మాయ్?" అని అడిగారు. అప్పటి నుంచి రోజూ అడుగుతారు. ఓనర్‌కు నేనే చెప్పాను. ఆయన తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. పెద్దాయన దాంట్లోంచి ఆ భాగాలన్నీ నకలు తీసి నా దాంట్లో, ఓనర్‌ దాంట్లో, జిరాక్స్ షాపులో పెట్టాను. మళ్లీ రెండు నిమిషాలైంది. కంప్యూటర్ మేడం అనడం సందులో ఆగిపోయింది.

లోడు క్షేమంగా చేరింది. రెండు రోజుల తర్వాత ఆమె ఫోన్ చేసి చెప్పింది. నెలనెలా తీసుకుంటామన్నారట. నాకు చెప్పాలనిపించి చేసిందంటే నా మీద కోపం లేదనే అనుకున్నాను. కోపం నిజంగానే లేదు.

మరుసటి నెల ఆమె వచ్చింది. బండి ఎప్పటిలాగే సందులో చుట్లు కొడుతోంది. నేను రీడర్ తెరిచి, కార్డు మీద పేర్లన్నీ పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. సర్టిఫికెట్ వచ్చింది, ప్రశ్నార్థకం వచ్చింది, కుడివైపు నొక్కాను, టిక్కు వచ్చింది. "వచ్చింది అక్కా" అని ప్రింటు కొట్టబోయాను.

"ఆగు చెల్లె" అంది. కుర్చీ పక్కకు వచ్చి, తెర మీదకు వంగి, ఆ టిక్కు మీద వేలు పెట్టి చూసుకుంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. అది ఎక్కడ ఉండాలో మాత్రం తెలుసు.

"ఇగ కొట్టు" అంది.

ఇప్పటికీ నెలనెలా వస్తుంది. ఇంటి దగ్గర్నుంచి నాకు గుడ్లు తెస్తుంది, మా అమ్మను అడుగుతుంది, నాతో నవ్వుతూ మాట్లాడుతుంది. ఆ టిక్కు మీద తన వేలు పెట్టుకోకుండా మాత్రం నా చేతి నుంచి కాగితం తీసుకోదు.